పిలిచినవాళ్ళే ఆర్పాలి

పేర్ల విషయంలో నాది మొండి పట్టు. చిన్నప్పటి నుంచీ "దీనికి నోరెక్కువ" అనిపించుకున్నదాన్ని, ఉద్యోగంలో చేరాక తగ్గుతానా? కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక పని చేసే ముక్కకి, అంటే ఫంక్షన్‌కి, ఏ పేరు పెట్టాలన్న దాని మీద బెంగళూరులో ఉన్న మా టీమ్ లీడ్‌తో ఫోన్లో వారాల తరబడి కొట్లాడాను. ఆయన మన తెలుగాయనే, నెమ్మదస్తుడు. "పేరుదేముందండీ, లోపల పని సరిగ్గా జరిగితే చాలు కదా" అనేవాడు. "ఆ పేరు చూసేగా అవతలివాళ్ళు తమ ప్రోగ్రాం రాసుకునేది. పేరే తప్పు చెప్తే పని సరిగ్గా ఎలా జరుగుతుందండీ?" అనేదాన్ని. ఆ ఫోన్లన్నీ రాజమండ్రిలో మా అక్కావాళ్ళింటి మేడ మీద నుంచి చేసినవే. కింద కొట్లో పప్పు బస్తాలు దించే చప్పుడు ఆయనకి కూడా వినిపించేది.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళు అయివుంటుంది. ఒక కంప్యూటర్ లోపల మరో నాలుగు కంప్యూటర్లు ఉన్నట్టు నమ్మించే ప్రోగ్రాం తయారు చేయడం మా కంపెనీ పని. ఆ లోపలివాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. నిజానికి వాటికి పెట్టె లేదు, తీగ లేదు, ఫ్యాను లేదు. అయినా తాము నిజమైన యంత్రాలమేనని అవి నమ్మాలి. అలా నమ్మించడానికి అబద్ధపు డిస్కు, అబద్ధపు నెట్‌వర్క్ కార్డు అన్నీ మేమే రాసి పెట్టాలి. అందులో నా వంతుకి వచ్చింది ఇంటరప్ట్ కంట్రోలర్.

ఇదేంటో మా బావగారికి చెప్పబోయి నవ్వులపాలయ్యాను. ఆయన మెయిన్ రోడ్డు దగ్గర వీధిలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. తాతల నాటి కొట్టు. కింద కొట్టు, మేడ మీద కాపురం.

"నువ్వు తయారు చేసే మిషను ఎక్కడుంటదమ్మా?" అని అడిగారు.

"ఎక్కడా ఉండదు బావగారూ. అది లేని మిషను."

"లేని మిషనుకి ఉన్న జీతం ఇస్తన్నారా! మహానుభావులు."

అక్క మంచం మీద నుంచి నవ్వింది. అప్పటికింకా దాని నవ్వులో చప్పుడు ఉండేది. నేను ఉడుక్కుని కొట్టునే ఉదాహరణ చేసి చెప్పాను. "మీరు బేరంలో ఉంటారు. అదే టైముకి ఫోన్ మోగుద్ది, లారీ వస్తది, పైనుంచి అక్క పిలుస్తుంది. అన్నీ ఒకేసారి మీ చెవిలో పడితే మీరేం చెయ్యలేరు. ఎవరు పిలిచారో గుర్తుపెట్టుకుని, ఎవరికి ముందు పలకాలో చెప్పి, ఒకరి పని అయ్యాక ఇంకొకర్ని పంపే మనిషి ఒకడు గుమ్మంలో ఉండాలి. కంప్యూటర్లో ఆ పని చేసేదే ఇది."

"మా కొట్లో అలాంటోడు లేడే" అన్నారు బావగారు.

"మీ చిక్కంతా అదే మరి" అన్నాను నేను. అప్పుడు ఏదో మాటకి మాట అన్నదే తప్ప, అందులో ఎంత నిజం ఉందో నాకూ తెలీదు.

నేను హైదరాబాదు వదిలి అక్కడికి చేరడానికి కారణం అక్క జబ్బు. మొదట బీరువా తాళం తిప్పలేకపోయింది. తాళమే పాడైందనుకుని బావగారు దానికి నూనె పోశారు. తర్వాత చేతిలోంచి మూకుడు జారింది, మెట్లెక్కుతుంటే కాలు మడత పడింది. పెనుగొండ అమ్మవారి గుడికి తీసుకెళ్తే బావగారి భుజం పట్టుకుని ప్రదక్షిణం చేసింది. బయట అది సొంత కాళ్ళ మీద నడిచింది ఆ రోజే ఆఖరు. రాజమండ్రిలో చూపించాం, కాకినాడలో చూపించాం, చివరికి హైదరాబాదులో పెద్ద డాక్టరు విషయం చెప్పాడు. నరాల జబ్బు, కండరాలు ఒక్కొక్కటే పని మానేస్తాయి, మందు లేదు. "బుద్ధి మాత్రం చివరిదాకా బాగానే ఉంటుందండీ, ఆవిడకి అన్నీ తెలుస్తూనే ఉంటాయి" అని శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. ఆ మనిషిని అక్కడికక్కడే కొట్టాలనిపించింది నాకు. ఇంటినుంచి పని చేసుకుంటానని ఆఫీసులో అడిగాను, ఒప్పుకున్నారు. మా ఆయన "వెళ్ళు, నా సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. అక్క పక్కగదిలో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను.

ఆ ఇంటి పిలుపుల పద్ధతి గురించి చెప్పాలి. కొట్టుకీ ఇంటికీ మధ్య మెట్ల మొదట్లో ఒక టేకు తలుపు ఉండేది, దానికి గొలుసు గొళ్ళెం. మా వర్తకుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు కొట్లోకి కేకేసి పిలవరు. పదిమంది మధ్య మొగుణ్ణి "ఏవండీ" అని అరవడం మర్యాద కాదు. తలుపు చాటున నిలబడి గొళ్ళెం ఒకసారి ఆడిస్తారు. కొట్లోంచి "ఆఁ" అని వినపడుతుంది. అంతే. ఆడమనిషి వెనక్కి వెళ్ళిపోతుంది. ఆయన ఎప్పుడు వస్తారో ఆయన ఇష్టం. బేరం మీద ఉన్న మనిషికి రెండోసారి గొళ్ళెం కొట్టడమంటే, ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందని అర్థం. మా అమ్మ అలాగే చేసేది, అక్క అత్తగారూ అలాగే చేసేవారట. అక్క కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఎన్నిసార్లు కొట్టిందో గానీ, వెంటవెంటనే రెండుసార్లు కొట్టగా నేను ఎరగను.

చేతులు పడిపోయాక గొళ్ళెం దాకా వెళ్ళడం ఎలాగూ లేదు. బావగారు కాలింగ్ బెల్లు బిగించారు. మీట అక్క అరచేతి పక్కన, బెల్లు కింద కొట్లో. నొక్కితే పిట్ట కూసినట్టు కూస్తుంది. కొట్లోకి వచ్చినవాళ్ళు తలెత్తి పిట్ట ఎక్కడుందా అని చూసేవారు. బావగారు కింద నుంచే "ఆఁ, వస్తన్నా" అనేవారు. ఆ మనిషిలో ప్రేమ లేక కాదు. పొద్దున్న ఆయా వచ్చి స్నానం చేయించినా, జడ మాత్రం తానే వేసేవారు. మొదట్లో తాడు పేనినట్టు వేసేవారు, పోనుపోను బాగానే కుదిరింది.

ఒక మధ్యాహ్నం గది తలుపు వేసుకుని మా టీమ్ లీడ్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాను. పిట్ట కూసింది. కింద నుంచి "ఆఁ, వస్తన్నా" వినిపించింది. సరే, బావగారు వెళ్తున్నారు కదా అని నా మాటల్లో నేను పడిపోయాను. అదే సమయానికి కింద కందిపప్పు లారీ వచ్చింది. బావగారు బస్తాలు చూసుకుంటూ, పైన నేను ఉన్నాను కదా అనుకున్నారు. ఎవరి లెక్క వాళ్ళకి సరిపోయింది. నా ఫోను అయ్యాక అక్క గదిలోకి వెళ్ళి చూద్దును కదా, మెడ చుట్టూ ఎర్రచీమలు. అంతకుముందు పట్టిన గ్లూకోజు నీళ్ళు మెడ మీద కాస్త ఒలికినట్టున్నాయి. దిండు మీద నుంచి బారులు తీరి వచ్చి చెవి వెనక, గొంతు మీద పట్టేశాయి. అక్క కళ్ళు తెరుచుకుని పైకి చూస్తూ పడుకుని ఉంది. చేత్తో తోసుకోలేదు, తల తిప్పుకోలేదు.

దులిపి, తుడిచి, కొబ్బరినూనె రాసి, దుప్పటి మార్చేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు కోపం వస్తుంది.

"మళ్ళీ నొక్కొచ్చుగా అక్కా! వేలు కిందే ఉందిగా మీట! నోరు మూసుకుని చీమలచేత కుట్టించుకుంటావా?"

అప్పటికే దాని మాట ముద్దగా వచ్చేది, చెవి దగ్గర పెట్టి వినాలి. "ఆఁ అన్నారు కదే" అంది. "లారీ వచ్చినట్టుంది."

పిలిచింది. పలికారు. దాని దృష్టిలో ఆ వ్యవహారం అక్కడితో పూర్తయిపోయింది. తర్వాత జరిగేదంతా ఓర్చుకోవడమే. బావగారు పైకొచ్చి ఆ దద్దుర్లు చూసి గోడకి చేరగిలబడిపోయారు. "ఒక్కసారి మళ్ళీ నొక్కితే నీ సొమ్మేం పోయిందే" అన్నారు. అక్క ఆయన్ని చూసి నవ్వబోయింది. అది చూడలేక నేను నా గదిలోకి వచ్చేశాను.

అక్కడ కంప్యూటర్ మీద కొన్నాళ్ళుగా నన్ను వేపుకు తింటున్న తప్పు ఒకటుంది. మా వర్చువల్ మెషీన్ గంటల తరబడి బాగా నడిచి, ఉన్నట్టుండి దాని నెట్‌వర్క్ ఆగిపోయేది. మెషీను బతికే ఉంటుంది, కార్డు బతికే ఉంటుంది, కార్డు దగ్గర సమాచారం పేరుకుపోతూ ఉంటుంది. కానీ ప్రాసెసర్ వచ్చి తీసుకోదు. కార్డు పిలిచిందా అంటే పిలిచింది. ప్రాసెసర్ పలికిందా అంటే పలికింది. రికార్డు అంతా శుభ్రంగా ఉంది. నేను ఆ సాయంత్రం కొబ్బరినూనె చేతులు తుడుచుకుని ఆ తెర ముందు కూర్చుని, మా ఫంక్షన్ పేరు మళ్ళీ చదివాను. నాకంటే ముందు పని చేసినవాళ్ళు దానికి ఇంజెక్ట్ అని పేరు పెట్టారు. సూదిమందు గుచ్చినట్టు, పిలుపుని లోపలికి గుచ్చేసి చెయ్యి దులుపుకోవడం. ఆ పేరు చదివిన ప్రతివాడూ పిలుపు లోపలికి చేరితే పని అయిపోయినట్టే రాశాడు. ప్రాసెసర్ "ఆఁ" అనగానే మా కంట్రోలర్ ఆ పిలుపుని కొట్టేసేది. కార్డుకి ఇంకా అవసరం ఉందా, తీరిందా అని మళ్ళీ చూసే దిక్కు లేదు.

నిజమైన యంత్రాల్లో అలా ఉండదు. కార్డు నుంచి ఒక తీగ ఉంటుంది. అవసరం ఉన్నంతసేపూ ఆ తీగని కార్డు పైకెత్తి పట్టుకునే ఉంటుంది, తీరాకే దించుతుంది. దించాల్సింది కార్డే, ఇంకెవరూ కాదు. ప్రాసెసర్ ఒక పని ముగించానని చెప్పినప్పుడల్లా కంట్రోలర్ మళ్ళీ ఆ తీగ వైపు చూడాలి. ఇంకా ఎత్తే ఉంటే మళ్ళీ పిలవాలి. ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతే. మా అబద్ధపు యంత్రంలో తీగ లేదు కాబట్టి, పేరు పెట్టినవాళ్ళు తీగ సంగతే మరిచిపోయారు.

మర్నాడు ఫోన్లో మా లీడ్‌తో ఖరాఖండీగా చెప్పాను. ఇంజెక్ట్ అన్న పేరు తీసేయాలి. దాని బదులు లైన్ లెవెల్ అని ఉండాలి, అంటే తీగ ఎత్తి ఉందా, దించి ఉందా అని. కార్డు రాసేవాళ్ళు రెండే మాటలు చెప్పాలి, అవసరం ఉంది, అవసరం లేదు. పిలుపు ఎప్పుడు పంపాలి, ఎన్నిసార్లు పంపాలి అన్నది కంట్రోలర్ చూసుకుంటుంది.

"ఇప్పుడు పేరు మారిస్తే దాన్ని వాడుకున్నవాళ్ళందరూ మార్చుకోవాలండీ. గోల చేస్తారు. పాత పేరే ఉంచి లోపల సర్దుదాం" అన్నాడాయన.

"పాత పేరు ఉంటే పాత బుద్ధే ఉంటదండీ. మీరెన్నిసార్లు సర్దినా రేపు ఇంకొకడు వచ్చి గుచ్చేసి వెళ్ళిపోతాడు."

"మీరు కొంచెం ఎమోషనల్ అవుతున్నారేమో."

"అవునండీ, అవుతున్నాను" అని ఫోన్ పెట్టేశాను. కానీ మానలేదు. రోజూ ఒక మెయిలు రాసేదాన్ని, రోజూ ఎవరో ఒకరు కాదనేవాళ్ళు.

ఇంట్లో మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. పిట్టబెల్లు పీకించేశాను. దాని బదులు చిన్న ఎర్రబల్బులు పెట్టాం. కొట్లో ఒకటి, వంటింట్లో ఒకటి, నా బల్ల మీద ఒకటి, అక్కకి కనపడేలా దాని గది గుమ్మం మీద ఒకటి. అన్నిటికీ కలిపి ఒకటే స్విచ్చి. వేలితో తాకితే అటూ ఇటూ వాలే రకం. దాన్ని చెక్కముక్కకి బిగించి అక్క కుడిచేతి చూపుడువేలు కింద అమర్చాం. ఆ ఒక్క వేలే అప్పటికి దాని మాట వింటోంది. కరెంటు పోయినా వెలిగేలా ఇన్వర్టరుకి కలిపాం. ఇక రూలు ఒకటే. దీపం వెలిగితే ఎవరూ "ఆఁ" అనకూడదు. వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు దాన్ని ఆర్పకూడదు. పిలిచినవాళ్ళే ఆర్పాలి. అక్క ఆర్పేదాకా పని అయిపోయినట్టు కాదు.

బావగారు గింజుకున్నారు. "కొట్లో ఎర్రలైటేంటమ్మా, వచ్చినోళ్ళు అడగరూ?" మొదట తీసుకెళ్ళి కాటా వెనకాల పెట్టారు. అక్కడ ఆయనకే కనపడదు. నేను కిందకి దిగి నలుగురి ముందే అరిచాను. అప్పుడు తీసి వాసవీ అమ్మవారి పటం కింద పెట్టారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పైగా అది వెలిగినప్పుడల్లా ఒకరిద్దరు దణ్ణం పెట్టుకునేవారు. ఈ సంగతి బావగారు చెప్తే అక్క కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వులో చప్పుడు లేదు. అప్పుడే మొదటిసారి గమనించాను.

ఇంత చేసినా పని జరగలేదు. దీపం వెలిగేది. నేను లేచేదాన్ని. గుమ్మం దాటేలోపు ఆరిపోయేది. "ఏం కావాలక్కా?" అంటే ఏం లేదన్నట్టు చూసేది. దుప్పటి ఎత్తి చూస్తే కాలు మెలిక పడి ఉండేది, లేకపోతే పక్క తడిసి ఉండేది. మెట్ల మీద బావగారి అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఆయన మూడో మెట్టు మీద ఉండగానే ఆర్పేసేది. వేలు ఎప్పుడూ స్విచ్చి మీదే ఉండేది, పిలవడానికి కాదు, తొందరగా ఆర్పడానికి.

"అవసరం తీరకుండా తీగ దించేస్తే దాన్ని పాడైపోయిన కార్డు అంటారే మా ఆఫీసులో" అని తిట్టాను. "నువ్వు ఆర్పకపోతే మాకేం బాధ?"

మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను చెవి ఒగ్గి విన్నాను. "మెట్లెక్కి వస్తన్నారుగా" అంది. "ఇంకా వెలుగుతా ఉంటే... దెప్పినట్టుంటదే."

అది నాకు దాని గొంతులో వినపడ్డ ఆఖరి పూర్తి మాటల్లో ఒకటి. ఆ తర్వాత కొన్ని వారాలకి మాట పూర్తిగా పోయింది. కళ్ళు పైకెత్తితే అవును, మూస్తే కాదు, అంతవరకే మిగిలింది. నాకు భయం పట్టుకుంది. జబ్బుకి మందు లేదని తెలుసు, దానికి సిద్ధపడే వచ్చాను. కానీ అన్నీ తెలిసిన మనిషి, ఒక వేలు ఆడుతున్న మనిషి, మర్యాద కోసం తనకి కావాల్సింది అడక్కుండానే పోతుందేమోనన్న భయం అది. జబ్బు తీసుకెళ్ళేది జబ్బు తీసుకెళ్తుంది. ఇది మాత్రం మేమందరం కలిసి దానికి నేర్పించింది. పుట్టింట్లో సగం, అత్తింట్లో సగం. నేర్పినంత సులువుగా మాన్పించలేం కదా!

ఈలోగా ఆఫీసులో కథ మారింది. మా ప్రోగ్రాం వాడుతున్న ఒక పెద్ద కంపెనీలో మెషీన్లు అలాగే బిగుసుకుపోయాయట. ఎవరికీ కారణం తెలియక, నేను అప్పటికే రాసి పంపిన మార్పు వేసి చూశారు. ఆగిపోవడం మానేశాయి. మా లీడ్ ఫోన్ చేశాడు. "మీ పేరే ఉంచుదామండీ" అన్నాడు. ఆ వెంటనే, "మీ అక్కగారికెలా ఉంది?" అని అడిగాడు. అన్నాళ్ళ పోట్లాటలో ఆయన ఎప్పుడూ నా మీద గొంతు పెంచలేదని నాకప్పుడు తట్టింది. ఆ పేరు కింద వివరణ రాసి పంపమన్నాడు, కొత్తవాళ్ళకి అర్థమయ్యేలా. పిలిచినదే పిలుపుని ఉపసంహరించుకోవాలి, పలికినంత మాత్రాన అవసరం తీరినట్టు కాదు అని ఇంగ్లీషులో రాసి పంపాను. గెలిచినందుకు సంతోషంగా ఉండాల్సింది. నా బల్ల మీద దీపం వెలిగి, నేను కుర్చీ జరిపేలోపే ఆరిపోయింది.

మినుములు వచ్చే రోజులవి. పొలాల నుంచి కొత్త సరుకు దిగుతుంటే కొట్టు నిండా మనుషులు, మధ్యవర్తులు, దుమ్ము. బావగారు భోజనానికి కూడా పైకి రాని రోజులు. అలాంటి ఒక మధ్యాహ్నం దీపం వెలిగింది. లేచాను. ఆరలేదు. గదిలోకి వెళ్ళాను. ఆరలేదు.

నీళ్ళు పట్టాను. పక్కకి తిప్పాను. కాళ్ళు సరిచేశాను, పక్క చూశాను, ఫ్యాను తగ్గించాను, పెంచాను, కిటికీ తీశాను. ప్రతిదానికీ "ఇదా అక్కా?" అని అడిగాను. ప్రతిదానికీ కళ్ళు మూసింది. వేలు స్విచ్చి మీదే ఉంది, వణుకుతోంది, కానీ ఆర్పడం లేదు. దానికి ఎంత కష్టంగా ఉందో తెలుస్తూనే ఉంది. ఎవరో ఎదురుగా ఉండి సేవ చేస్తుంటే దీపం వెలగనివ్వడం దాని జన్మలో లేదు. నొప్పేమోనని నాకు కంగారు పుట్టింది. "బావగారిని పిలవనా?" అన్నాను. కళ్ళు పైకెత్తింది.

నేను దిగేలోపే ఆయన మెట్లెక్కి వస్తున్నారు. దీపం ఇంతసేపు వెలిగి ఉండడం ఆయనా ఎప్పుడూ చూడలేదు. చేతుల నిండా మినుముల దుమ్ము. "ఏంటే? నొప్పిగా ఉందా? ఊపిరాడ్డం లేదా?" అని మంచం మీదకి వంగారు. కాదు. "కాళ్ళు లాగుతున్నాయా?" కాదు. నేను అడిగినవన్నీ ఆయన మళ్ళీ అడిగారు. అన్నిటికీ కాదు. కింద నుంచి ఎవరో రేటు తేల్చమని కేకేశారు. ఆయన నిటారుగా నిలబడి, "మనుషులున్నారే కింద, ఒక్క క్షణంలో వచ్చేస్తా" అని గుమ్మం దాకా వెళ్ళి, తలెత్తి ఆ దీపాన్ని చూసి ఆగిపోయారు.

"ఏం కావాలమ్మా ఈవిడకి?" అన్నారు నన్ను చూసి. ఆ గొంతు విని నాకు జాలేసింది.

"నాకూ తెలీదు బావగారూ. అదే ఆర్పాలి."

ఆయన గుమ్మంలో నిలబడి అక్క వంక చాలాసేపు చూశారు. అక్క ఆయన్నే చూస్తోంది. తర్వాత ఏదో సిగ్గుపడుతున్నట్టు అడిగారు. "నేను... కూచోనా కాసేపు?"

అక్క కళ్ళు పైకెత్తింది. అలాగే ఉంచేసింది.

"కొట్టు కట్టేయమని చెప్పమ్మా" అన్నారు నాతో. "రేపు రమ్మను." కిందకెళ్ళి ఆ మాట చెప్తే ఎవరూ నమ్మలేదు. మినుముల రోజుల్లో పట్టపగలు ఆ కొట్టు మూయడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. ఏదో అయిపోయిందనుకుని ఒక పెద్దాయన కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏం కాలేదండీ, బాగానే ఉంది అని చెప్పి షట్టరు దింపించి పైకొచ్చాను.

బావగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. దుమ్ము చేతులు పంచెకి తుడుచుకుని, అక్క ఎడంచెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. కొట్టు సద్దుమణిగితే ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు. నేను లోపలికి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే ఆగాను.

"పెళ్ళయినప్పటి నుంచీ" అన్నారాయన నెమ్మదిగా, "పగటిపూట నీ దగ్గర ఇలా ఎప్పుడన్నా కూచున్నానా?"

అక్క కళ్ళు మూసింది.

ఆయన తల వంచుకుని ఏడ్చారు. దాచుకోలేదు. అక్క కళ్ళు తెరిచి ఆయన్ని చూస్తూ, కుడిచేతి వేలిని కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వచ్చింది. ఆర్పేస్తోంది కాబోలు, ఆయన ఏడుపు చూడలేక ఆర్పేస్తోంది అనుకున్నాను. వేలు స్విచ్చి దాటి, చెక్కముక్క అంచు దాటి, దుప్పటి మీదకి వచ్చి ఆగింది. గుమ్మం మీద దీపం వెలుగుతూనే ఉంది.